మోత పుస్తకం

పెద్దసభ అధ్యక్షుడు వస్తున్నాడన్న కబురు అందేసరికి సామ్యేలు బావి నీళ్లు తోడే మోటకు తోలు తొండం కుడుతున్నాడు. నానబెట్టిన తోలును మోకాళ్ల మధ్య బిగించి, ఆరెతో పొడిచి, అటూ ఇటూ దారం దూర్చి లాగడం అతనికి పుట్టుకతో వచ్చిన పని. అలాంటి మనిషికి ఆ పూట ఆరె రెండుసార్లు బొటనవేలిలో దిగింది.

"ఎల్లుండి ఆత్మల పండుగ గద. ఒక దినం ముందుగాల, రేపే వస్తడంట," అన్నాడు ఉపదేశి సీమోను, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ. వాడలో చదువొచ్చిన మనిషి అతనొక్కడే. "హయత్‌నగర్ దాక మోటారుల, ఆడికెళ్లి బండిల. మన పుస్తకం చూసి ముద్రేస్తడంట. ఇంకో మాట గూడ రాసిండు."

"ఏం మాట?"

"రజాకార్ల దినాలల్ల గూడ ఆగకుంట ఏడు శవాలు మోసిన పెద్దను కండ్లార చూడాలె అని రాసిండు. నిన్నే అన్నా!"

సామ్యేలు వేలు నోట్లో పెట్టుకుని రక్తం చీకాడు. వాకిట్లో జొన్నలు చెరుగుతున్న అతని భార్య బుగ్గమ్మ చేతిలో చేట ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఆడింది. ఆవిడ సీమోను వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు.

యోసేపు సహోదర సభ అంటే ఇబ్రహీంపట్నంలో ఆ వాడకు తప్ప ఎవరికీ తెలియదు. అది చేసే పని ఒక్కటే, చనిపోయినవాళ్లను మోయడం. ప్రార్థన గుడి పక్కన మట్టిగోడల గది ఒకటుంది, అదే సభ ఇల్లు. అందులో ఒక కొయ్య శవమంచం, తెల్ల సిలువ కుట్టిన నల్ల దుప్పటి, ఒక చేతిగంట, ఒక పుస్తకం ఉంటాయి. శవాన్ని నలుగురు మోస్తారు. మంచం నాలుగు కొసల్ని కొమ్ములంటారు. ముందర ఎడమ కొమ్ము పట్టేది సభ పెద్ద, ఖాళీగా ఉన్న చేత్తో గంట వాయించేదీ అతనే. తిరిగొచ్చాక నలుగురూ మోత పుస్తకంలో బొటనవేలి ముద్ర వేస్తారు. ముద్ర పడిన చావే పట్నంలోని పెద్దసభకు చేరుతుంది, ఏడాదికోసారి అక్కడి పూజలో ఆ పేరు చదువుతారు. ఏడు మోతలు మోసినవాడు పోతే అతనికి మంచం, నల్ల దుప్పటి, గంట అన్నీ వస్తాయి. ఆడవాళ్లు పోతే పేరు పుస్తకంలో ఎక్కుతుంది కానీ ఈ మర్యాదలేవీ లేవు. ఇంట్లో ఉన్న నులక మంచం మీదే, గంట చప్పుడు లేకుండా పోవాలి.

పదకొండేళ్లుగా సభ పెద్ద సామ్యేలే. పోలీసు చర్య జరిగి ఇంకా రెండు నెలలు నిండలేదు. అంతకు ముందు ఆరు నెలలు వాడలోని మగవాళ్లంతా రజాకార్లకు దొరక్కుండా రాచకొండ గుట్టల్లో తలదాచుకున్నారు. ఆ ఆరు నెలల్లోనే వాడలో ఏడుగురు పోయారు. మగాళ్లు తిరిగొచ్చి పుస్తకం తెరిస్తే ఏడు పేజీల్లో నాలుగేసి ముద్రలున్నాయి, పక్కన పేర్లు లేవు. వేసినవాళ్లకు రాయడం రాదు మరి. సీమోను కలం తీసి, ఏ పేజీ ఎవరిదో అడిగి పోయినవాళ్ల పేర్లు రాసి, ముద్రల పక్కన వంతు ప్రకారం సామ్యేలు, భిక్షం, నారయ్య, సీమోను అని రాసుకుంటూ పోయాడు. సభ మగోళ్లది కదా, పేర్లు మనవే ఉండాలె కదా అన్నాడు. సామ్యేలు పక్కనే నిలబడి చూశాడు. వద్దని ఒక్క మాట అనలేదు.

ఆ మధ్యాహ్నం బుగ్గమ్మ గంజి చెంబు పట్టుకుని సుసన్న గుడిసెకు బయలుదేరితే, ఎందుకో సామ్యేలు కూడా వెంట నడిచాడు. సుసన్న ముందూ వెనకా ఎవరూ లేని విధవరాలు. పదిహేను రోజులుగా జ్వరం, దగ్గు. మంచం మీద మనిషి ఉందో, బొంత ఒక్కటే ఉందో తెలియనంతగా అరిగిపోయింది. అయినా మాటలో పదును తగ్గలేదు.

"వచ్చినవా తమ్మీ! నిన్ను మెచ్చుకునెతందుకు పట్నంకెళ్లి దొర వస్తుండంట గద."

"ఎవరు చెప్పిన్రక్కా?"

"సీమోను చెప్పకుంట ఉంటడా? ఊరంత తిరిగి చెప్పిండు." దగ్గు తెర తగ్గేదాకా ఆగి, బుగ్గమ్మ పట్టిన గంజి రెండు గుక్కలు మింగింది. తర్వాత రవికె జరిపి కుడిభుజం చూపించింది. భుజం మీద నల్లగా కాయ కాసిన మచ్చ ఉంది. "వెనక కుడి కొమ్ము నాది. ఏడు మోతలకు ఏడు మోసిన, ఒక్కటి తప్పలే. నీ పెండ్లాన్ని అడుగు. నేనిగ రెండు మూడు దినాలు ఉంటనో ఉండనో. నాకు మంచం వస్తదా తమ్మీ? గంట కొడుతరా?"

సామ్యేలు జారిన బొంతను ఆమె మీదికి లాగాడు. "నీకేం గాదక్కా," అన్నాడు.

"అయితదా గాదా అని అడుగుతలేను. మంచం వస్తదా రాదా అని అడుగుతున్న."

"రేపు పెద్దసభ అయ్యను అడుగుత."

సుసన్న అతన్ని కాసేపు చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. మగవాడు పైవాళ్లను అడుగుతానంటే దాని అర్థమేమిటో ఆమెకు తెలుసు.

అధ్యక్షుడు శౌరయ్య మర్నాడు పొద్దెక్కాక బండి దిగాడు. తెల్లకోటు, గొడుగు, వెండి పతకం, చేతిలో తోలుసంచి. కృష్ణా తీరం నుంచి ఎప్పుడో సికింద్రాబాదు చేరి, రిజిస్ట్రేషన్ గుమాస్తాగా జుట్టు తెల్లబడిన మనిషి. కళ్లద్దాల వెనక కళ్లు మెత్తగా ఉన్నాయి. సభ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి, మగవాళ్లంతా సభ గుర్తయిన నీలికండువాలు సర్దుకుని నేల మీద కూర్చున్నారు. ఆడవాళ్లు గుమ్మం బయటే నిలబడ్డారు.

"ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిపోతున్న రోజుల్లో మీరు చచ్చినవాళ్లను వదిలిపెట్టలేదు," అన్నాడాయన. గొంతులో నిజమైన ఆదరమే ఉంది. "ఈ సామ్యేలును చూడండి. నాలుగో పేజీలో ఎవరి పేరుందో చూశాను. కాశమ్మ. కన్నతల్లి! కన్నీళ్లు దిగమింగుకుని తల్లిని భుజాన మోసి, వచ్చి ముద్ర వేశాడు. పెద్ద అంటే ఇతనే. డిసెంబరులో పెద్దసభకు పిలిపించి ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్దను చేస్తాను. ఈ గదికి పెంకులు కప్పిద్దాం."

భిక్షం, నారయ్య చప్పట్లు కొట్టారు. సామ్యేలు తల ఎత్తలేదు. తల్లి పోయిన సంగతి అతనికి పదకొండో రోజున గుట్టల్లో తెలిసింది. కట్టెలకొచ్చినవాడు చెప్పిపోయాడు. ఆ రోజు రాతికి తల కొట్టుకుని ఏడ్చాడే తప్ప, కొండ దిగి ఇంటికి రాలేదు. రావడానికి భయపడ్డాడు. బయట నిలబడ్డ బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో అతనికి తెలియలేదు.

శౌరయ్య సంచిలోంచి ముద్ర, సిరాబిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. ముద్ర వేయబోతూ పుస్తకాన్ని వెలుగులోకి తిప్పాడు. ఒక పేజీ చూశాడు, ఇంకోటి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత, "మీరంతా అన్నాలు తిని రండి. సామ్యేలు ఉంటాడు," అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక శౌరయ్య సామ్యేలు ఎడమచేతిని చనువుగా తన చేతిలోకి తీసుకున్నాడు. ఆరె గాట్లతో, తోలు రాపిడితో ఆ బొటనవేలు నున్నగా అరిగిపోయి ఉంది.

"పాత పేజీల్లో నీ ముద్ర సిరా మరకలా ఉంటుంది, గీత కనిపించదు," అన్నాడు నెమ్మదిగా. "ఈ ఏడు పేజీల్లో నీ పేరు పక్కన గీతలు స్పష్టంగా ఉన్నాయి. ముప్పై ఏళ్లు నేను చేసిన పని వేలిముద్రలు వేయించడమే నాయనా. మగవాళ్లు వేసేది ఎడమ బొటనవేలు, ఆడవాళ్లు వేసేది కుడిది. సుడి ఎటు వాలిందో చూస్తే చెయ్యి తెలిసిపోతుంది. ఈ ఏడు పేజీల్లో ఒక్క ఎడమవేలు లేదు."

చావడిలో పటేలు ఆడవాళ్ల చేత ఎప్పుడూ కుడివేలే వేయించేవాడు. అదే అలవాటుగా వాళ్లు ఇక్కడా కుడివేలు వేశారు. అబద్ధం ఆడాలనుకున్నవాళ్లయితే ఎడమవేలు వేసేవాళ్లు కాబోలు. వాళ్లకు ఆ ఊహే రాలేదు.

"మా ఆడోళ్లయ్యా," అన్నాడు సామ్యేలు. అనేశాక గుండె మీది బరువు తగ్గుతుందనుకున్నాడు, తగ్గలేదు. "నా పెండ్లాం, మారెమ్మ, సిద్దమ్మ, సుసన్న. మేం గుట్టలల్ల ఉంటిమి."

శౌరయ్య కోప్పడతాడని సామ్యేలు అనుకున్నాడు. ఆయన మాత్రం లేచి కిటికీ దగ్గరికి నడిచాడు.

"పెద్దసభ తలుపు కూడా ఆ ఆరు నెలలూ తెరుచుకోలేదు," అన్నాడు బయటికి చూస్తూ. "తాళం నా దగ్గరే ఉంది. మా వాళ్లు పదకొండు మంది పోయారు. వాళ్లను ఎవరు మోశారో, ఎక్కడ పెట్టారో అధ్యక్షుణ్ణయిన నాకే తెలియదు. ఆ రోజుల్లో సభ ఏం చేసిందని ఇప్పుడు పైవాళ్లు అడుగుతున్నారు. చూపించడానికి నా దగ్గర ఉన్నవి నీ ఏడు పేజీలే."

"మరి ఉన్నదున్నట్టు చూపియ్యరాదుండ్రి అయ్యా?"

"నియమావళిలో స్త్రీలు లేరు. స్త్రీలు మోశారంటే ఆ ఏడు మోతలూ లెక్కలోకి రావు. అప్పుడు మీ అమ్మ పేరు కూడా పూజలో చదవరు. పేర్లు ఇలాగే ఉంటే నీకూ మర్యాద, నాకూ మర్యాద. ఎవరికి నష్టం చెప్పు?"

"సుసన్నక్క చావుబతుకులల్ల ఉంది. మంచం వస్తదా అని అడిగింది."

శౌరయ్య ముద్రను తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. "ఆమె పేరు పుస్తకంలో లేదుగా," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకూ కష్టంగానే ఉన్నట్టుంది. "రేపు పొద్దున ప్రార్థన కాగానే ముద్ర వేస్తాను. నిదానంగా ఆలోచించుకో."

పొద్దు వాలుతుండగా సామ్యేలు శవమంచాన్ని గుమ్మంలోకి జరిపి, ఆముదం గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చనిపోయినవాళ్లను తలుచుకునే ఆత్మల పండుగ ముందు అది సభ పెద్ద చేసే పని. కొమ్ములు తుడిచాడు, పట్టెలు తుడిచాడు. మేకుకు తగిలించిన గంట తీసుకున్నాడు. ఊపితే మోగలేదు. లోపల నాలుకకు చుట్టూ గుడ్డ చుట్టి, దారంతో గట్టిగా బిగించి ఉంది. పసుపు అంచు ఉన్న ఆకుపచ్చ పీలిక. పెళ్లయిన కొత్తలో బుగ్గమ్మకు తను కొన్న చీర అది.

బుగ్గమ్మ నీళ్లబిందెతో అటు పోతూ ఆగింది. గుట్టలు దిగి వచ్చిన నాటి నుంచి ఇద్దరి మధ్యా కూలి మాట, కూటి మాట తప్ప ఇంకో మాట లేదు. అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"ఎట్ల మోసిన్రే?" అన్నాడు.

"మోసినట్లే మోసినం."

"భయం గాలేదా?"

"కాకేం! చెరువుకట్ట మొగదల రజాకార్ల మకాం ఉండె గద. కట్ట దిగి పొలాల నడుమ సన్నపు గెనాల మీదికెళ్లి పోతుంటిమి. కాలు జారితె శవం, మనం అందరం బురదల్నే." బిందె దించి గుమ్మం మీద కూర్చుంది. "గంట మోగితెనే మర్యాద మోత అని నువ్వే అంటుంటివి. కొడితె వాండ్లు వస్తరాయె. గుడ్డ చుట్టి చేతుల పట్టుకున్న. ఊపుకుంటనే పోయిన. మోగకున్నా దేవునికి ఇనబడ్తదిలే అనుకున్న."

సామ్యేలు గంటను ఒళ్లో పెట్టుకుని ఆ దారపు ముడి తడుముతూ ఉండిపోయాడు.

"మీ అమ్మ అసలు బరువే లేకుండె," అంది బుగ్గమ్మ. "సుసన్నక్క ఏమన్నదెరికేనా? గీ ముసలామెది మోతగ లెక్కగాదు, వేలెయ్యను అన్నది. నేనే గుంజి ఏయించిన." నవ్వబోయి ఆగిపోయింది. "పోయే ముందల నిన్నే అడిగింది. వస్తుండు, దారిల ఉన్నడని చెప్పిన. అబద్ధమే చెప్పిన."

అతనికి ఏడుపు వచ్చింది. పెళ్లాం ముందు ఏడవకూడదని బిగబట్టుకోలేదు, ఏడ్చాడు. బుగ్గమ్మ ఓదార్చలేదు. అలాగని లేచి పోలేదు కూడా. అతని ఏడుపు ఆగేదాకా కూర్చుని, బిందె ఎత్తుకుని ఇంటికి పోయింది.

తెల్లవారుజామున కోడి కూతతో పాటే సుసన్న పోయింది. మారెమ్మ, సిద్దమ్మ నీళ్లు కాచి, స్నానం చేయించి, ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టారు. ప్రార్థనకు వచ్చిన జనమంతా సభ ఇంటి ముందు గుమిగూడారు. శౌరయ్య కుర్చీలో ఉన్నాడు, ముద్ర బల్ల మీద ఉంది. భిక్షం నులక మంచం ఒకటి తెచ్చి పక్కన వాల్చాడు.

"ఎందుకు?" అన్నాడు సామ్యేలు.

"సుసన్నకు. ఆడోళ్లకు సభ మంచం రివాజు లేదు గదన్నా."

సామ్యేలు గదిలోకి పోయి మోత పుస్తకం తెచ్చి, బల్ల మీద ముద్ర పక్కనే తెరిచి పెట్టాడు. "సీమోనూ, కలం తియ్యి. ఈ ఏడు పేజీలల్ల మన పేర్లు కొట్టెయ్యి. ఈడ బుగ్గమ్మ అని రాయి. ఈడ మారెమ్మ. గిది సిద్దమ్మ. ఈ ఆఖరుది సుసన్న."

సీమోను జేబులో కలం మీద చెయ్యి వేసి ఆగాడు. "పెద్దరికం పోతదన్నా. అయ్య ముందల ఏందిది!"

"పోనీ. నేను మా అమ్మను మోయలే సీమోనూ. గుట్టల పండుకున్న. పదకొండు దినాలకు నాకు తెలిసింది, తెలిసినంక గూడ రాలే. ఎముకలగూడసొంటి మా అమ్మను గీ సుసన్నక్క మోసింది. ఏడు మోసిన మనిషికి మంచం వస్తదని రాసిపెట్టిన సభ మనదేనా, కాదా?" నారయ్య నేల చూపులు చూశాడు. "కొట్టెయ్యి."

కొట్టేస్తున్న కలం చప్పుడు ఒక్కటే కాసేపు వినిపించింది. శౌరయ్య రెండు చేతులూ ముద్ర మీద పెట్టుకుని కూర్చున్నాడు.

సామ్యేలు శవమంచం బయటికి తెచ్చాడు. సుసన్నను దాని మీద పడుకోబెట్టి నల్ల దుప్పటి కప్పారు. సిలువ సరిగ్గా గుండెల మీదికి వచ్చేలా బుగ్గమ్మ రెండుసార్లు సర్దింది. ఇక ఎత్తాలి. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు, ముందు ఎవరు కదులుతారా అని. ఆ చూపులు తేలేలోపే మారెమ్మ వచ్చి ముందర కుడి కొమ్ము దగ్గర నిలబడింది. సిద్దమ్మ వెనక ఎడమ కొమ్ము అందుకుంది. ఆరు నెలల అలవాటు, ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వెనక కుడి కొమ్ము ఖాళీగా ఉంది. ముందర ఎడమ కొమ్ము దగ్గర బుగ్గమ్మ ఆగి, మొగుడి వైపు చూసింది. అది సభ పెద్ద నిలబడే చోటు.

సామ్యేలు మెడలోని నీలికండువా తీశాడు. దాన్ని మడతపెట్టి బుగ్గమ్మ ఎడమభుజం మీద, కొమ్ము ఒరుసుకునే చోట వేశాడు. గంట ఆవిడ కుడిచేతికిచ్చాడు. తర్వాత వెనక్కి నడిచి, సుసన్న కొమ్ము కింద తన భుజం పెట్టాడు.

"లేపుండ్రి," అంది బుగ్గమ్మ.

ఆడవాళ్ల ఎత్తుకు మంచం సమంగా రావాలంటే అతను మోకాళ్లు కొంచెం వంచాల్సి వచ్చింది. వంచే నడిచాడు. వెనక జనం కదిలారు. చెరువు దగ్గర దారి రెండుగా చీలే చోట బుగ్గమ్మ కాళ్లు వాటంతట అవే కట్ట దిగువకు, పొలం గెనాల వైపు మళ్లాయి.

"బుగ్గమ్మా!" అని వెనక నుంచి సామ్యేలు పిలిచాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆవిడను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "గంటకు గుడ్డ ఇప్పు. కట్ట మీదికెళ్లి పోదాం."

బుగ్గమ్మ ఆగింది. ఒక చెయ్యి కొమ్ము మీద ఉంది కనుక గంటను నోటి దగ్గరికి తెచ్చుకుని, దారాన్ని పళ్లతో కొరికి, పీలికను ఉమ్మేసింది. కట్ట ఎక్కింది. రజాకార్ల మకాం ఉన్న ఇల్లు తలుపులు బార్లా తెరిచి, ఖాళీగా ఉంది. దాని ముందుకు వచ్చాక గంట ఊపింది. మొదటి దెబ్బకు తనే ఉలిక్కిపడింది, అంత చప్పుడు వస్తుందని ఆవిడకు తెలియదు. ఆ తర్వాత శ్మశానం దాకా ఆపలేదు.

తిరిగి వచ్చాక నలుగురూ కాళ్లు కడుక్కుని పుస్తకం చుట్టూ కూర్చున్నారు. శౌరయ్య కూడా చెప్పులు లేకుండా వెనకే నడిచి వచ్చాడు, కోటు అంచులకు దుమ్ము పట్టి ఉంది. ఆయన ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. పేజీ మీదికి తెచ్చాడు. కొంతసేపు అలాగే పట్టుకుని, తిరిగి సంచిలో వేసుకున్నాడు.

"ఇది వేస్తే అక్కడికి వెళ్లి అందరి ముందూ చదవాలి. నాకు ఇంకా అంత ధైర్యం లేదు సామ్యేలూ," అన్నాడు. "పోయినవాళ్ల పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసివ్వండి. ఎనిమిది పేర్లూ. నా దగ్గర ఉంచుకుంటాను."

బండి వెళ్లిపోయింది. సీమోను ఎనిమిదో పేజీ తీసి తేదీ వేశాడు. సుసన్న పేరు రాశాడు. మూడు కుడివేళ్లు పడ్డాయి. నాలుగో గడిలో సామ్యేలు ఎడమవేలు ఒత్తితే ఎప్పటిలాగే గీతల్లేని మరక పడింది. పేజీ పైన సభ పెద్ద పేరు రాసే చోటికి వచ్చి సీమోను కలం ఆపాడు.

"ఈడ నీ పేరే రాయాల్నా అన్నా?"

"గంట ఎవరు పట్టిన్రు?"

సీమోను రాశాడు. బుగ్గమ్మకు చదువు రాదు. ఏం రాశావని అడగలేదు కూడా. నీలికండువా భుజం మీది నుంచి తీసి, దులిపి, మడతపెట్టి, మేకుకు తగిలించబోయి ఆగింది. చంకలో పెట్టుకుని, జొన్నలు ఎండలో ఆరబోసి వచ్చానంటూ ఇంటికి నడిచింది.